బల్లల నడుమ సందు ఎందుకు?

విజయవాడ గవర్నర్‌పేటలోని పాత మేడల చెక్కతలుపులను రోహిణీకార్తెలో చూచినచో, పలకకును పలకకును నడుమ వీథి వెలుతురు సన్నగా లోనికి వచ్చుచుండును. శ్రావణమాసమున అదే తలుపు ద్వారబంధమున బిగిసికొని తెరువరాకుండును. పలకలు తరుగుటెట్లు, మరల పెరుగుటెట్లు?

చెట్టు బ్రతికియున్నప్పుడు వేరునుండి ఆకునకు నీటిని మోసిన అతిసూక్ష్మములైన గొట్టముల సముదాయమే కలప. కోసి ఆరవేసిన పిదపను ఆ గొట్టముల గోడలు, రాత్రి నానవేసిన సెనగలవలె, గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. వేసవి పడమటిగాలి ఆ తేమను లాగికొనగా ముడుచుకొనును. అయితే గొట్టము లావు తగ్గునే గాని పొడవు అంతగా తగ్గదు. పచ్చికలప పూర్తిగా ఎండులోపల వెడల్పున 100కు 5 మొదలు 10 వంతులవరకు తరుగవచ్చును. నిడివిలో సాధారణముగా ఒక వంతైనను తరుగదు. కనుకనే సందులు పలకల ప్రక్కలనే ఏర్పడును.

వేసవిలో ఆ సందును గట్టి లప్పముతో నింపుట తొందరపాటే. వానలకు పలకలు ఉబ్బి, చోటు చాలక వంగిపోవును. నేర్పరియగు వడ్రంగి ఒక పలక అంచున గాడి తీసి, ప్రక్కపలక అంచును పలుచగా చెక్కి, జిగురు పెట్టక దానిలో దూర్చును. పలక తరిగినను ఆ అంచు గాడిలోనే జరుగును గాని వెలుతురు కనబడదు. ఒకప్పుడు ఏలూరు, బందరు కాలువలపై సరకులు మోసిన చెక్కపడవల వంటివాని సంగతి వేరు: సందున నారను కూరి, నూనెతో కాచిన గుగ్గిలము పూసినచో, నీట నానిన పలక తానే ఉబ్బి నారను నొక్కిపట్టును. వానకు తడియు వసారా బల్లల నడుమ సందును పూడ్చనే కూడదు. నీరు జారిపోవుటకై మేకు దూరునంత ఎడమును వడ్రంగి బుద్ధిపూర్వకముగానే విడుచును.