చివరి మూడు అవుట్లు

క్రికెట్ అభిమానులకు 1986 ఏప్రిల్ 18 నాటి షార్జా ఫైనల్ గుర్తుండే ఉంటుంది. చివరి బంతికి పాకిస్తాన్ నాలుగు పరుగులు చేయవలసి ఉండగా, చేతన్ శర్మ వేసిన బంతిని జావేద్ మియాందాద్ సిక్సరుగా మలిచాడు. రోజంతా పదకొండు మంది ఆడినప్పటికీ ఓటమితో ముడిపడి నిలిచిపోయినది ఆ ఒక్క బౌలరు పేరే. అమెరికాలో బేస్‌బాల్ చూచేవారికి ఇటువంటి గుండెకోత ఏటా అనేకమార్లు ఎదురవుతుంది. దానికి కారణం తెలియాలంటే ముందుగా ఆ ఆట పద్ధతి తెలియాలి.

బేస్‌బాల్ మ్యాచ్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. ప్రతి ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒకదాని తరువాత ఒకటి బ్యాటింగ్ చేస్తాయి. ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు ముగుస్తుంది. మొదటి నుండి బంతి విసిరిన పిచర్ అలసిపోయినప్పుడు అతని స్థానంలో వచ్చేవాడు రిలీఫ్ పిచర్. వారిలో ఆధిక్యాన్ని నిలబెట్టి ఆట ముగించే బాధ్యత గలవాడిని క్లోజర్ అంటారు. సాధారణంగా జట్టు మూడు పరుగులకు మించని ఆధిక్యంలో ఉన్నప్పుడు అతడు తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో దిగుతాడు. గెలిపిస్తే అతని ఖాతాలో ఒక ‘సేవ్’ చేరుతుంది. ఆధిక్యం చేజారితే అది ‘బ్లోన్ సేవ్’. షికాగో పత్రికా రచయిత జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన సేవ్ లెక్క 1969లో అధికారిక గణాంకమైంది.

ఇక్కడ క్రికెట్‌తో ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. పరిమిత ఓవర్ల క్రికెట్‌లో బంతులు అయిపోతే గండం గడిచినట్లే. బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. మూడు అవుట్లు తీసేవరకు ఎన్ని బంతులైనా విసరవలసిందే. గురితప్పిన బంతులు నాలుగు పడితే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచి వెళతాడు. దీనిని ‘వాక్’ అంటారు. ప్రత్యర్థి బలంగా కొట్టి గెలిస్తే అభిమాని ఎలాగో సహిస్తాడు. తమవాడే చేతులారా దారి ఇవ్వడాన్ని మాత్రం సహించలేడు.

ఫిలడెల్ఫియా నగరానికి ఈ బాధ బాగా తెలుసు. అక్కడి ఫిలీస్ జట్టు క్లోజర్ మిచ్ విలియమ్స్ 1993లో 43 సేవ్‌లు సాధించాడు. అయితే 62 ఇన్నింగ్స్‌లో 44 వాక్‌లు కూడా ఇచ్చాడు. ‘వైల్డ్ థింగ్’, అంటే అదుపులేనివాడు, అని అతనికి పేరు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ నాలుగవ మ్యాచ్‌లో ఐదు పరుగుల ఆధిక్యం కరిగిపోయి ఫిలీస్ 15-14తో ఓడగా, విలియమ్స్‌కు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అక్టోబరు 23న టొరంటోలో జరిగిన ఆరవ మ్యాచ్‌లో 6-5 ఆధిక్యంతో అతడే మళ్ళీ బంతి అందుకున్నాడు. మొదటి బ్యాటర్ రికీ హెండర్సన్‌కు వాక్ ఇచ్చాడు. ఒకరు అవుటయ్యాక పాల్ మోలిటర్ సింగిల్ కొట్టాడు. తరువాత జో కార్టర్ కొట్టిన హోమ్ రన్‌తో టొరంటో 8-6తో గెలిచి సిరీస్ కైవసం చేసుకుంది. ఫిలీస్‌కు ఇక బ్యాటింగ్ వంతు లేదు. విలియమ్స్ పత్రికలవారి ముందు సాకులు చెప్పకుండా తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. డిసెంబరులో జట్టు అతడిని హ్యూస్టన్‌కు పంపివేసింది.

అదే నగరం 2008లో బ్రాడ్ లిడ్జ్‌ను నెత్తిన పెట్టుకున్నది. ఆ ఏడాది అతడు తనకు వచ్చిన 48 సేవ్ అవకాశాలలో 48నీ నిలబెట్టాడు. అక్టోబరు 29న చివరి అవుట్ తీసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. 1980 తరువాత ఫిలీస్‌కు అదే తొలి టైటిల్. మరుసటి ఏడాది అదే చేయి 11 సేవ్‌లు చేజార్చింది. మోకాలి గాయంతో కొన్నాళ్లు ఆటకు దూరమయ్యాడు. ఆ సీజన్‌లో ఒక్క విజయమూ లేకుండా 8 పరాజయాలు అతని ఖాతాలో పడ్డాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత గుర్తుకు రాక మానదు.

అయితే 2009లోనూ లిడ్జ్ 31 సేవ్‌లు సాధించాడు. అంటే నాలుగింట మూడు మార్లు ఇంచుమించుగా పని నెరవేర్చాడు. అయినా అభిమానికి గుర్తున్నవి మిగిలిన పదకొండే. మొదటి ఇన్నింగ్స్‌లో జరిగిన పొరపాటును దిద్దడానికి జట్టుకు ఇంకా వ్యవధి ఉంటుంది. చివరి ఇన్నింగ్స్‌లో అది చాలా తక్కువ. అందుచేత క్లోజర్ విజయం మామూలుగా జరగవలసిన పనిగా, వైఫల్యం ద్రోహంగా కనిపిస్తుంది. 652 సేవ్‌ల మరియానో రివేరా అంతటివాడు సైతం 2001 వరల్డ్ సిరీస్ ఏడవ మ్యాచ్ చివరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్ని కాపాడలేకపోయాడు.

మూడు గంటలు ఆశతో కూర్చున్నవానికి కోపం రావడం సహజం. ఆ కోపం ఆట వరకే ఉండాలి. 1993లో అది ఒక మనిషి ప్రాణం వరకు వెళ్లింది. ఇతరులు అలసి దిగిపోయిన తరువాత, దిద్దుకునే వ్యవధి లేని చోట నిలబడడమే ఆ మనిషి ఉద్యోగం.