నేపియర్ మడి ఎందుకు నీరసిస్తుంది?

నాటిన మొదటి ఏడాది హైబ్రిడ్ నేపియర్‌కు తిరుగుండదు. రెండు, రెండున్నర నెలలకు తొలి కోత వస్తుంది. ఆ తర్వాత నెలన్నరకోసారి కోసినా దుబ్బు మళ్ళీ ఏపుగా లేస్తుంది. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి పిలకలు సన్నబడతాయి, దుబ్బు నడుమ ఎండిపోతుంది, ఖాళీల్లో కలుపు చేరుతుంది. గడ్డికి వయసైపోయిందనుకుంటాం. చాలా మడుల్లో అంతకుముందే తరిగిపోయేది నేలలోని పొటాష్.

సజ్జను, నేపియర్‌ను సంకరం చేసి పుట్టించిన ఈ గడ్డి విత్తనం కట్టదు. కణుపులతోనో వేరు పిలకలతోనో నాటుతారు. నాటాక ఏళ్ల తరబడి అదే చోట, అదే దుబ్బును కోస్తారు. పొటాష్ ఎలా తరుగుతుందో వరితో పోల్చి చూద్దాం. వరి మొక్క తీసుకున్న పొటాషియంలో ఎక్కువ భాగం గింజలోకి కాక గడ్డిలోకి చేరుతుంది. పశుగ్రాసంలో మనం పొలం నుంచి మోసుకెళ్లేదే గడ్డి.

బాగా పండిన ఎకరాలో ఏడాదికి 100 టన్నుల పచ్చిమేత వచ్చిందనుకుందాం. అందులో ఎండుపదార్థం ఐదో వంతు, అంటే 20 టన్నులు. పొటాషియం 2 శాతం చొప్పున చూసినా 400 కిలోలు పొలం దాటిపోయినట్టే. అంత పొటాషియం 50 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలు 16 కొంటే గానీ రాదు. నల్లరేగడి కొంతకాలం తన నిల్వల్లోంచి ఇస్తూ పోతుంది. ఎర్ర చల్క నేలకు ఆ ఓపిక తక్కువ.

కోత కోతకూ యూరియా వేస్తుంటే మడి పచ్చగానే కనిపిస్తుంది కాబట్టి ఈ లోటు బయటపడదు. అడుగు ఆకు పట్టి చూడాలి. కొన దగ్గర మొదలై నడిమి ఈనె వెంట పసుపు దిగితే నత్రజని చాలడం లేదు. అంచులు గోధుమ రంగుకు తిరిగి మాడినట్టుంటే పొటాష్ లోటు. మొక్క ముదురు ఆకుల్లోని పొటాషియాన్ని లేత ఆకులకు తరలిస్తుంది కనుక దెబ్బ ముందు కింది ఆకుకే కనిపిస్తుంది.

పోయిన పొటాషియం ఎక్కడికి చేరింది? పాలలో లీటరుకు వెళ్లేది ఒకటిన్నర గ్రాము మాత్రమే. పశువు తిన్న పొటాషియంలో అధిక భాగం మూత్రంలో బయటికి వస్తుంది. భాస్వరం మాత్రం పేడలో ఉంటుంది. పేడను దిబ్బకెత్తి, మూత్రాన్ని కొట్టం నేలలోనే ఇంకిపోనిస్తే పొలానికి తిరిగి చేరేది భాస్వరమే, పొటాష్ కాదు. కొట్టం నేలకు గచ్చు చేసి, కాస్త వాలు ఇచ్చి, కడుగునీటిని కాలువలోకి మళ్లిస్తే ఆ పొటాష్ మళ్లీ మడికి చేరుతుంది.

అలాగని అంతా ఒకే మడికి పారించడం మంచిది కాదు. పొటాష్ దొరికితే గడ్డి అవసరానికి మించి పీల్చుకుంటుంది. మేతలో పొటాషియం పెరిగితే పశువు కడుపు మెగ్నీషియాన్ని సరిగా గ్రహించలేదు. అది ముదిరితే పశువుకు వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. కొట్టం పక్క మడి పొటాష్‌తో నిండిపోతుంటే, దూరపు మడి ఏటేటా చిక్కిపోతుంటుంది. అందుకే భూసార పరీక్షకు మట్టిని రెండు మడుల నుంచీ విడివిడిగా తీయాలి. కడుగునీటిని ముందుగా దూరపు మడికి మళ్లించాలి.