సైటు మెరిస్తే చాలదు.. దొరకాలి!

కోటగిరిలోనే ఉంటూ బోధన్‌, నిజామాబాద్‌ దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టాలనుకుంటున్నారా? ల్యాప్‌టాప్‌, నెట్‌ ఉంటే మొదలుపెట్టొచ్చు. అయితే పేజీ నిండా కదిలే బొమ్మలు, స్లైడర్లు పెట్టేస్తే చూడ్డానికి అదిరిపోతుంది కానీ, గూగుల్‌లో వెతికేవారికి దొరక్కపోవచ్చు. దుకాణదారు డబ్బు పెట్టేది మెరుపుల కోసం కాదు, ఫోన్‌ మోగడం కోసం. అది మోగకపోతే మీకు రెండో పని రాదు. మన దగ్గర పనులు నోటిమాట మీదే వస్తాయి మరి!

గూగుల్‌ ఎలా చదువుతుంది?

గూగుల్‌బాట్‌ మనలా బటన్లు నొక్కదు, సెర్చ్‌ బాక్సులో టైప్‌ చేయదు. లింకుల వెంట వెళ్తూ పేజీలోని మాటలు చదువుకుంటుంది. ముందు సర్వర్‌ పంపిన హెచ్‌టీఎంఎల్‌ చూసి, ఆ తర్వాత జావాస్క్రిప్ట్‌ నడిపిస్తుంది. 2019 నుంచి ఇందుకు కొత్త క్రోమ్‌ ఇంజిన్‌నే వాడుతోంది. కాబట్టి ‘జావాస్క్రిప్ట్‌ వాడితే గూగుల్‌కు కనిపించం’ అన్నది పాత మాట. కానీ నొక్కితేనే సర్వర్‌ నుంచి వచ్చే సమాచారం మాత్రం దానికి లేనట్టే.

విత్తనాల షాపు సైటైతే..

వానాకాలం, యాసంగి అని ఎంచుకోగానే వరి రకాలు చూపించే ఫిల్టర్‌ పెట్టారనుకుందాం. రైతుకు అది బాగా పనికొస్తుంది, తీసేయక్కర్లేదు. దాని కింద పునాది సరిగా వేయండి.

* తెలంగాణ సోనా, సాంబ మసూరి.. ఇలా ఒక్కో రకానికి ఒక్కో పేజీ, సొంత అడ్రస్‌ ఇవ్వండి. అడ్రస్‌లో హ్యాష్‌ గుర్తు తర్వాతి భాగం మారినంత మాత్రాన గూగుల్‌ దాన్ని వేరే పేజీగా లెక్కపెట్టదు.
* రకం పేరు, ఊరి పేరు టైటిల్‌లో ఉండాలి. బ్యానర్‌ బొమ్మలో కాకుండా టైప్‌ చేసిన అక్షరాల్లోనే రాయండి.
* మెనూలో ఉత్త ఆన్‌క్లిక్‌ బటన్లు వద్దు, అసలైన లింకులు పెట్టండి.
* నొక్కితే తెరుచుకునే వివరాలను ముందే హెచ్‌టీఎంఎల్‌లో ఉంచండి. మడిచిపెట్టినా గూగుల్‌ చదువుతుంది.

వేగం లెక్క

గూగుల్‌ ప్రధానంగా చూసేది మొబైల్‌ పేజీనే. పేజీలోని పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. ఈ రెండో కొలత 2024 మార్చిలో వచ్చింది. లోడవుతుంటే అక్షరాలు అటూఇటూ జరగకూడదు. వేగం ఒక్కటే ర్యాంకు తేదు, వెతికినదానికి జవాబు పేజీలో ఉండాలి. కానీ భారీ యానిమేషన్లు పెడితే మామూలు ఫోన్‌ ఉన్న రైతు పేజీ తెరుచుకోకముందే వెళ్లిపోతాడు.

ఇలా పరీక్షించండి

బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ ఆపేసి మీ సైటు తెరవండి. షాపు పేరు, ఊరు, సరుకు, ఫోన్‌ నంబరు కనిపిస్తే పునాది బాగున్నట్టే. తర్వాత సెర్చ్‌ కన్సోల్‌, పేజ్‌స్పీడ్‌ ఇన్‌సైట్స్‌లో చూసుకోండి. రెండూ ఉచితమే. మార్పులకు ముందు, తర్వాత వచ్చిన అంకెలను పోర్ట్‌ఫోలియోలో పెట్టండి. ఇంటర్వ్యూలో ‘సైటు చేశాను’ అనడం కన్నా ‘సైటు దొరికేలా చేశాను’ అని అంకెలతో చూపిస్తేనే విలువ ఎక్కువ.