క్లోరిన్ వాసన, ఓజోన్ ఆశ

కాలనీ కుళాయి త్రిప్పగానే ముక్కుకు తగిలే క్లోరిన్ వాసనను గురించి మాకు ఉత్తరాలు రావడం క్రొత్త కాదు. ఈ మధ్య వాటిలో ఒక ప్రశ్న చేరింది. రైలు ప్రయాణంలో కొనే నీళ్ళ సీసాలపై ఓజోన్‌తో శుద్ధి చేసినట్లు వ్రాసి ఉంటుంది కదా, మన నీటికీ ఆ పద్ధతినే అనుసరించి క్లోరిన్‌ను మానివేయరాదా అని. ప్రశ్న సమంజసమైనదే. సమాధానం మాత్రం ఒక్క మాటలో తేలేది కాదు.

క్లోరిన్‌పై గల ఆరోపణ వాసనతో ముగియదు. ఆకులలములు కుళ్ళగా నదీజలంలో కరిగి ఉండే సేంద్రియ పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరోఫాం, దాని తోబుట్టువులైన మరికొన్ని రసాయనాలు పుడతాయని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి సరఫరా సంస్థ రసాయన శాస్త్రజ్ఞుడు యోహానెస్ రూక్ 1974లో వెల్లడించారు. వీటిని ట్రైహాలోమీథేన్లు అంటారు. ఏళ్ళ తరబడి అధిక మోతాదులో శరీరంలో చేరితే క్యాన్సర్ ముప్పు ఉండవచ్చునన్న శంకతో అమెరికా 1979లో లీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితి విధించి, 1998లో దానిని 80కి తగ్గించింది. మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు గీసింది.

ఓజోన్ మన కార్మిక సోదరులకు అపరిచితం కాదు. మోటారు బ్రష్‌ల వద్ద నిప్పురవ్వలు లేచినప్పుడు వచ్చే ఘాటు వాసన దానిదే. శుద్ధి కేంద్రంలోనూ సూత్రం అదే. పొడి గాలిని గాని ఆక్సిజన్‌ను గాని అధిక వోల్టేజి గల ఎలక్ట్రోడ్ల నడుమ నుండి పంపి ఓజోన్‌ను తయారుచేసి, లోతైన తొట్టెల అడుగు నుండి బుడగలుగా నీటిలోనికి వదులుతారు. ఫ్రాన్స్‌లోని నీస్ నగరం 1906లోనే ఈ పద్ధతిని చేపట్టింది. క్లోరిన్‌కు లొంగని సూక్ష్మజీవులు సైతం దీనికి లొంగుతాయి. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే జీవి కుళాయి నీటి ద్వారా సుమారు 4 లక్షల మందిని అస్వస్థులను చేసింది. నీటిలో క్లోరిన్ ఉండి కూడా దానిని ఆపలేకపోయింది. ఆ నగరం 1998లో ఓజోన్‌ను ఆశ్రయించింది.

అయితే ఓజోన్ నిలకడ లేని అతిథి. నీటిలో నిమిషాలలోనే విచ్ఛిన్నమైపోతుంది. మూత బిగించిన సీసాకు దానితో ఇబ్బంది లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుండి క్వార్టర్ల వరకు మైళ్ళ కొద్దీ గొట్టాలలో ప్రయాణించే నీటికి దారి పొడవునా కాపలా కావాలి. వానాకాలంలో ఒక్క జాయింటు వదులైతే చాలు, ప్రక్కనున్న మురుగు లోనికి చొరబడుతుంది. ఆ కాపలా కాసేది మిగులు క్లోరినే. కనుక ఓజోన్ వాడే నగరాలలోనూ చివరన కొద్దిపాటి క్లోరిన్‌నో, క్లోరమిన్‌నో కలుపుతుంటారు. ముందుగానే ఓజోన్ పనిచేసి ఉండుటచే మోతాదు తగ్గుతుంది, ట్రైహాలోమీథేన్లూ తగ్గుతాయి. అసలు లాభం అక్కడ ఉన్నది.

ఓజోన్‌కు సొంత దోషాలూ లేకపోలేదు. నీటిలో బ్రోమైడు ఉంటే దానిని బ్రోమేటుగా మారుస్తుంది. ఉప్పునీరు చొరబడిన తీరప్రాంత జలాలలో ఈ భయం ఎక్కువ. బ్రోమేటు కూడా క్యాన్సర్ కారకమని అనుమానమున్నదే; ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి లీటరుకు 10 మైక్రోగ్రాములే హద్దు పెట్టింది. పైగా ఓజోన్ పెద్ద సేంద్రియ అణువులను ముక్కలు చేసి బాక్టీరియాకు ఆహారంగా మారుస్తుంది. వాటిని తొలగించేందుకు వెనుక మరొక వడపోత అవసరం. కరెంటు ఖర్చు సరేసరి.

మా అభిప్రాయంలో మన వంటి కాలనీలు ముందు చేయదగినది చవకైనదే. పటికతో, వడపోతతో సేంద్రియ పదార్థాన్ని వీలైనంత తీసివేసి, ఆ తరువాతనే క్లోరిన్ కలపడం. ఇంటిలో గృహిణులు నీటిని మూత లేకుండా కొన్ని నిమిషాలు మరగనిస్తే క్లోరోఫాం చాలావరకు ఆవిరైపోతుంది, క్రిప్టోస్పోరిడియం చస్తుంది. అప్పుడు వంటింటి కిటికీ తెరచి ఉంచడం మరువరాదు.

ఇకపై ఉత్తరం వ్రాసే పాఠకులు వాసన ఏ వేళ, ఏ బ్లాకులో ఎక్కువో తెలుపగోరుతున్నాము. వాసన బొత్తిగా రాని రోజున మాత్రం ఉత్తరం కోసం ఆగక, వెంటనే నీటి సరఫరా విభాగానికి తెలియజేసి మిగులు క్లోరిన్ పరీక్ష చేయించండి.