పైన డ్రోను, కింద లైన్‌మన్

విద్యుత్ ప్రసార మార్గాల తనిఖీ అనగానే మాకు గుర్తుకు వచ్చేది మెడలో బైనాక్యులర్లు వేసుకొని పొలం గట్ల వెంబడి నడచే లైన్‌మన్. 400 కేవీ లైనులో టవరుకు, టవరుకు మధ్య దూరం సుమారు 400 మీటర్లు. పగిలిన ఇన్సులేటర్ డిస్కు, ఊడిన పిన్ను కింది నుండి కనిపించనప్పుడు ప్రాణాలకు తెగించి టవరెక్కక తప్పేది కాదు.

నేడు ఆ పనిలో స్వయంచాలిత డ్రోన్లు ప్రవేశించాయి. టవర్ల అక్షాంశ రేఖాంశాలను ముందుగా అందించినచో, అవి లైను వెంట తామే పయనించి ఛాయాచిత్రాలు తీస్తాయి. ఇది హర్షించదగిన పరిణామమే.

అయితే ఒక విషయం మరువరాదు. వదులైన జాయింటును థర్మల్ కెమెరా గుర్తించేది వేడిని బట్టియే. ఆ జాయింటులో జనించే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం సగమైతే వేడి నాలుగోవంతు మాత్రమే. అందువలన లోడు తక్కువగా ఉన్న వేళ తీసిన చిత్రంలో లోపమున్న జాయింటు సైతం నిర్దోషిగా కనిపించవచ్చును. డ్రోనును ఏ వేళ పంపాలో లైను సంగతి తెలిసినవారే నిర్ణయించాలి.

అట్లే, “నిన్న రాత్రి మంచులో ఆ టవరు మీద చిటపటమని మెరుపులు వచ్చాయండీ” అని రైతు చెప్పే మాట ఏ కెమెరాకూ చిక్కదు. అది లైన్‌మన్ చెవినే పడుతుంది.

కనుక డ్రోను ఆయన ప్రాణానికి రక్షణ కావాలి గాని, ఆయన అనుభవానికి ప్రత్యామ్నాయం కారాదు. చిత్రాలను పరిశీలించే బల్ల వద్ద ఆయనకు మొదటి కుర్చీ వేయడం మనందరి బాధ్యతగా మేము భావిస్తున్నాము.