ఇంటిపేరుకు గడి లేని జాబితా

క్రొత్తవారు కనబడగానే మన పెద్దలు మొదట అడుగు ప్రశ్న, "మీ ఇంటిపేరేమి?" అని. ఆ ఒక్క మాటతో ఊరు, వంశం, చుట్టరికం తెలిసిపోవును. ఈ ప్రశ్నకు బదులు చెప్పలేని తెలుగు కుటుంబాలు దక్షిణాఫ్రికాలో అనేకం ఉన్నవి. వారు ఇంటిపేరును మరచినది నిర్లక్ష్యం వలన కాదు. ఆ కథ ఒక ఓడప్రయాణంతో ప్రారంభమైనది.

1834లో బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయినది. అటు తరువాత చెరకు తోటల యజమానులు కూలీల కొరకు మన దేశం వైపు చూచారు. మారిషస్ దీవి ముందు దారి చూపగా, ఆఫ్రికా తీరాన ఉన్న నేటాల్ వలసరాజ్యం 1859లో అందుకు చట్టం చేసినది. 1860 అక్టోబరులో చెన్నపట్నం నుండి బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ, 342 మందితో నవంబరు 16వ తేదీన డర్బను చేరినది. అందులో తమిళులతో పాటు తెలుగువారు కూడ ఉన్నారు. ఒంటరి మగవారే గాక భార్యాబిడ్డలతో బయలుదేరినవారును కలరు.

ఆనాడు చెన్నపట్నానికి రేవు కట్టడం లేదు. కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలలో అలలను దాటి, దూరాన నిలిచిన ఓడను ఎక్కవలసి ఉండేది. పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ఆ పడవలో కూర్చున్న తల్లి మనస్సు ఎట్లుండెనో మనం ఊహించుకొనవచ్చును.

ఈ వలసదారులందరి పేర్లను అధికారులు జాబితాలలో వ్రాసి ఉంచారు. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీరంపై గుర్తులు: వీటన్నిటికి గడులు కలవు. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. తండ్రికొక సంఖ్య, తల్లికొక సంఖ్య, బిడ్డకొక సంఖ్య. ఒకే కుటుంబం ఆ కాగితంపై విడివిడి మనుష్యులైనది. రానురాను కులనామాలైన నాయుడు, రెడ్డి వంటివే అక్కడ వంశనామాలుగా స్థిరపడినవి. కొందరికి తాతగారి పేరే ఇంటిపేరైనది.

ఒప్పందం ఐదేండ్లు. మగవానికి మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, అనగా సంవత్సరానికి ఆరు పౌన్లు. గడువు తీరిన పిమ్మట క్రొత్త ఒప్పందం చేసికొనక, స్వదేశానికి మరలక అక్కడనే నిలిచిన వారిపై 1895 చట్టం ఏటా మూడు పౌన్ల పన్ను విధించినది. 1903లో దానిని పదునారేండ్లు నిండిన కుమారులకు, పదమూడేండ్లు నిండిన కుమార్తెలకు కూడ వర్తింపజేశారు. ఎదిగిన బిడ్డలిద్దరున్న ఇంటికి ఏటా పన్నెండు పౌన్లు! సంసారాన్ని నిలుపుకొన్నవానికే భారం హెచ్చినది. గాంధీజీ నాయకత్వాన 1913లో జరిగిన సత్యాగ్రహం, కూలీల సమ్మె ఫలితంగా 1914లో ఆ పన్ను రద్దయినది. అంతకుముందే, 1911లో, ఈ వలస ఆగిపోయినది. అప్పటికి నేటాల్ చేరినవారు సుమారు 1,52,000 మంది.

అయితే విచిత్రమేమనగా, ఇంటిపేరును విడిచిన ఆ జాబితాయే ఇప్పుడు వారి మనుమలకు దారి చూపుచున్నది. దక్షిణాఫ్రికా ప్రభుత్వ పత్రాగారంలో భద్రపడిన ఆ పుటలలో ముత్తాత సంఖ్య దొరికినచో తండ్రి పేరు, గ్రామం పేరు దొరకును. ఆంగ్ల లిపిలో ఊరిపేరు ఎంత వంకరపోయినను, తెలుగు తెలిసినవారు చదివినచో పోల్చుకొనగలరు. వెదకుచు వచ్చినవారికి ఆ పేరు సరిగా చదివి చెప్పగలవారు మనమే. ఓడలో పోయినవారిని గురించి మీ ఇంట పెద్దలెవరైన చెప్పిన మాట ఉన్నచో, దానిని ఇంటిపేరుతో సహా ఒక కాగితంపై వ్రాసి ఉంచుడు. ఆనాటి జాబితాలో లేని గడి అట్లు కొంతవరకు పూర్తి కాగలదు.