కొండ మంట - ఎటు పరుగెత్తాలి?

ఎండాకాలం వచ్చిందంటే వేదాద్రి చుట్టుపక్కల గుట్టల మీద గడ్డి ఎండిపోతుంది. ఆకు రాలుతుంది. ఆ రోజుల్లోనే మనం పుల్లలకు పోతాం. మేకల్ని తోలుకుపోతాం.

ఒకరోజు రాత్రి చదువు కేంద్రంలో ఒక అక్క అడిగింది.

"గుట్టకు నిప్పంటుకుంటే పైకి ఎక్కాలా, కిందికి దిగాలా?"

"పైకే ఎక్కాలి. మంట కింద ఉంది కదా!" అంది ఇంకో అక్క.

అందరూ అవునంటే అవునన్నారు. కాని అది నిజం కాదు. ఆ పొరపాటు ప్రాణం తీస్తుంది. ఎందుకో చూద్దాం.

పొయ్యి నేర్పిన చదువు

మీరు రోజూ పొయ్యి వెలిగిస్తారు. మంట సంగతి మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ముందు చితుకులు పెడతారు. మొద్దు పెట్టరు. సన్నటివి త్వరగా అంటుకుంటాయి కాబట్టి.

గుట్ట మీదా అంతే. ఎండుగడ్డి, రాలిన ఆకు, చిన్న పొదలు భగ్గుమంటాయి. "గడ్డి మంటే కదా, కొమ్మతో కొడితే పోద్ది" అని అలుసుగా చూస్తాం. కాని మంట ఆర్పేవాళ్ళు చాలాసార్లు చిక్కుకున్నది ఇలాంటి గడ్డి మంటల్లోనే. చిన్న మంటే కదా అని దగ్గరికి పోతారు. అది ఒక్కసారిగా లేస్తుంది.

అగ్గిపుల్ల చెప్పే మాట

ఒక అగ్గిపుల్ల గీయండి. తల పైకి పెట్టి పట్టుకోండి. మంట మెల్లగా కిందికి వస్తుంది. ఇప్పుడు తల కిందికి వంచండి. మంట గబగబా పైకి పాకుతుంది. వేలు చురుక్కుమంటుంది.

వేడి పైకి పోతుంది. పైన ఉన్న పుల్లను ముందే ఎండబెడుతుంది. అందుకే అది త్వరగా అంటుకుంటుంది. గుట్ట కూడా నిలబెట్టిన అగ్గిపుల్లే. కింద పుట్టిన మంట పై గడ్డిని ముందే కాచి ఉంచుతుంది. చదును నేల మీద కంటే ఏటవాలు మీద మంట రెండింతలు, నాలుగింతలు వేగంగా ఎక్కుతుంది. మనిషికేమో ఎక్కేకొద్దీ ఆయాసం. మనం మెల్లగా, మంట జోరుగా. ఈ పందెంలో మంటే గెలుస్తుంది.

రెండు గుట్టల నడుమ ఇరుకు వాగు ఉంటుంది. అది పొగగొట్టం లాంటిది. వేడి, పొగ అందులోంచే పైకి ఎగదన్నుతాయి. అక్కడ దాక్కోవాలని చూడకూడదు.

గాలి తిరిగితే?

ఊదుగొట్టంతో ఊదితే మంట లేస్తుంది. గాలి ఎటు వీస్తే మంట అటు వంగుతుంది. ఇది అందరికీ తెలుసు. మరి గాలి తిరిగితే?

ఒక మంట పొడుగ్గా, పాములాగా తూర్పుకు పోతోంది అనుకోండి. దాని తల చిన్నది. పక్క చాలా పొడుగు. మీరు పక్కన నిలబడి కొమ్మలతో కొడుతున్నారు. అక్కడ మంట నెమ్మదిగానే ఉంది. ఇంతలో గాలి దక్షిణం నుంచి కొట్టింది. ఆ పొడుగు పక్క అంతా తల అయిపోతుంది! ఉత్తరం పక్కన ఉన్నవాళ్ళ మీదికి ఒక్కసారే వస్తుంది.

ఎండాకాలం సాయంత్రం మబ్బు పట్టి, గాలిదుమారం లేస్తుంది చూడండి. వాన రాకముందే గాలి తిరుగుతుంది. అమెరికాలోని అరిజోనాలో 2013 జూన్ 30న ఇదే జరిగింది. ఉరుముల మబ్బు గాలిని తిప్పింది. మంట ఆర్పే పని బాగా నేర్చిన 19 మంది చిక్కుకుని చనిపోయారు.

పొద్దు కూడా చూసుకోవాలి. తెల్లవారుజామున గడ్డికి చెమ్మ ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు ఆ చెమ్మ పోతుంది. రెండు, మూడు గంటల వేళ మంట మహా జోరు.

మన దగ్గరా జరిగింది

2018 మార్చి 11న తమిళనాడులో, తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్ళినవాళ్ళు మంటల్లో చిక్కారు. వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. నిటారు వాలు, ఎండుగడ్డి, గాలి - మూడూ కలిశాయి. 20 మందికి పైగా చనిపోయారు.

2020 ఫిబ్రవరిలో కేరళలోని త్రిస్సూరు జిల్లాలో, మంట ఆర్పటానికి వెళ్ళిన ముగ్గురు అటవీ కాపలాదారులు చనిపోయారు. 2021 మార్చిలో మన నల్లమలలో అడవి సరుకు ఏరుకోవటానికి వెళ్ళిన చెంచులు కాలిన గాయాలతో ఆసుపత్రి పాలయ్యారు.

కాలిన నేల కాపాడుతుంది

1949లో అమెరికాలోని మోంటానాలో 16 మందిని గడ్డి మంట గుట్ట మీదికి తరిమింది. 13 మంది చనిపోయారు. ఇద్దరు పైదాకా పరుగెత్తి, గడ్డి లేని రాళ్ళలోకి చేరి బతికారు. వాళ్ళ నాయకుడు పరుగు ఆపేశాడు. తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టాడు. అది కాలిపోగానే ఆ బూడిదలో బోర్లా పడుకున్నాడు. పెద్ద మంట వచ్చింది. కాల్చటానికి అక్కడ ఏమీ లేదు. పక్కనుంచి పోయింది. ఆయన బతికాడు.

ఆ పని మనల్ని చెయ్యమని కాదు. అందులోని నీతి తెలుసుకోవాలి. ఒకసారి కాలిన చోట మంటకు మేత లేదు.

గుర్తుంచుకోండి

1. మంట కింద ఉంటే పైకి ఎక్కవద్దు. అడ్డంగా పక్కకు పోయి, అప్పుడు కిందికి దిగండి.
2. బోడి బండ, దున్నిన చేను, రోడ్డు, ఏరు, చల్లారిన బూడిద నేల - వీటిలో ఏది దగ్గరైతే అక్కడికి పోండి.
3. పుల్లల మోపు అక్కడే పడేయండి. మోపు మళ్ళీ వస్తుంది. ప్రాణం రాదు.
4. పుల్లలకు పోయేటప్పుడు నూలు చీర కట్టుకోండి. నైలాను చీర కరిగి ఒంటికి అంటుకుంటుంది.
5. తప్పించుకునే దారి లేకపోతే గడ్డి లేని చోట బోర్లా పడుకోండి. ముక్కు, నోరు గుడ్డతో కప్పుకోండి. నేల దగ్గర గాలి కాస్త చల్లగా ఉంటుంది.
6. మంట కనపడగానే 101కి ఫోను చెయ్యండి. ఒంటరిగా ఆర్పబోకండి.

అన్నిటికంటే ముందు మాట: నిప్పు పుట్టకుండా చూడటం. ఆర్పని చుట్ట ముక్క, చేలో తగలబెట్టిన కట్టె, కొత్త గడ్డి వస్తుందని పెట్టిన మంట - అన్నీ గుట్ట ఎక్కేవే. మీ ఇంట్లో మగవాళ్ళకీ ఈ పాఠం చదివి వినిపించండి.

ఆలోచించండి

మీరు పుల్లలకు పోయే గుట్ట మీద గడ్డి లేని చోటు ఎక్కడుంది? అక్కడికి దారి ఎటు? ఈసారి వెళ్ళినప్పుడు ముందు అది చూసుకోండి. తర్వాతే పుల్లలు ఏరండి.